బోరు సామి లుంగీ

కుందుర్పి పక్కన ఒక పల్లె. మిట్టమధ్యాహ్నం. తిరుపాలమ్మ ఇంటి ముందర కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ ఉంటే, బస్సు దిగి వచ్చిన గంగాధరప్ప నీడలోకి రాకుండా ఎండలోనే నిలబడి ఉన్నాడు.

"నీళ్ళు కావల్లంటే ఆ బానలో ముంచుకోని తాగప్పా. మా ఆయప్ప గొర్రెల్ని తోలుకోని పోయినాడు. వచ్చే పొద్దే."

"నీళ్ళకు రాలేదక్కా. నన్ను గుర్తు పట్టలేదా?"

"ఎండకు కండ్లు కనపడవు. ఇట్ల నీడకు రా. యా ఊరు నీది?"

"శింగనమల. గంగాధరప్పను. బోరు పాయింట్లు చూపిస్తాంటి గదా..."

"బోరు సామివా?"

"సామి అనద్దక్కా."

"అయ్యో, నువ్వేనా! ఇట్లుండావేమి? ఏడేండ్ల కింద మొదటిసారి వచ్చినప్పుడు తెల్లపంచె, పట్టు కండువా, మొగం నిండా ఈబూది. అరచేతిలో టెంకాయ పెట్టుకోని చేనంతా తిరిగితివి. మా అత్త నీ కాళ్ళకు నీళ్ళు పోసి హారతిచ్చె."

"ఇచ్చె."

"టెంకాయ లేచి నిలబడిన చోట బోరు వేస్తే ఐదు నూర్ల అడుగులకు దుమ్ము లేచె."

"లేచె."

"రెండోసారి ప్యాంటు, బూట్లు, టోపీ, నల్ల కండ్లద్దాలు. చేతిలో ఏదో మిషను. కండువా యాడ సామీ అంటే, ఇప్పుడంతా సైన్సమ్మా అంటివి."

"అంటిని."

"దానికీ దుమ్మే. నాలుగు నూర్ల చీనీ చెట్లు, పండ్ల తోటంతా నిలువునా ఎండిపాయ. కొట్టేసి, కట్టెలు ఇటుకల బట్టీకి తోలినాం. ఎద్దులు పాయ. ఇప్పుడేమి, మూడోసారి చూపేకి వస్తివా?"

"లేదక్కా. ఒక మాట చెప్పేకి వచ్చినా. ఆ మిషన్లో ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"ఒక బల్బు, రెండు బ్యాటరీలు. బొటనేలితో నొక్కితే వెలుగుతాది. నేనే నొక్కుతాంటి."

"టెంకాయ?"

"అదీ నేనే. చెయ్యి కొంచెం వంచితే లేస్తాది."

"దానికా మా అత్త హారతిచ్చె!"

"తిట్టక్కా, తిట్టు."

"తిట్టేది ఆమైన, ముందర ఇది చెప్పు. ఇదంతా యాడ నేర్చుకుంటివి?"

"నేను బోరు లారీలో కూలోన్ని. ఖాకీ నిక్కరు, ఆయిలు బనీను. ఒకనాడు పామిడి కాడ, ఊరికే నోటికొచ్చినట్ల ఈడ వేయండప్పా అంటి. వేస్తే నీళ్ళు పడె. కానీ ఇంకో ఊర్లో ఆ నిక్కరు చూసి ఎవురూ నా మాట లెక్క చేయలేదు. మా ఇంటిది తెల్లపంచె కట్టిచ్చె. అదే మనిషి, అదే నోరు. పంచె కట్టినంక జనం లేచి నిలబడిరి."

"నీళ్ళు యాడుండాయో నిజంగా నీకు తెలుస్తాండెనా?"

"మొదట్లో తెలుస్తాందనే అనుకొంటి. రెండు పడె, మూడు పాయ. పడినోళ్ళు నా పేరు చెప్తారు, పోయినోళ్ళు తలరాత అంటారు. ఇంగ చదువుకున్న పిల్లోళ్ళు ఈబూది చూసి నవ్వబట్టిరి. ప్యాంటు తొడిగితి."

"మరి ఈ పొద్దు ఎవరు నవ్విరని వస్తివి?"

"ఎవరూ నవ్వలేదు. పోయిన నెల మా చేన్లోనే బోరు వేయాల్సి వచ్చె. నా కొడుకు ఓబిలేషు, నాయనా, నువ్వే చూపు అనె. పొద్దు గూకేదాకా చేనంతా తిరిగితి. చూపలేకపోతి. అనంతపురం నుంచి భూగర్భ శాస్త్రం చదివినాయప్పను పిలిపిచ్చుకుంటి."

"నీ చేనికా? వేరే ఆయప్పనా?"

"ఆ."

"పడెనా?"

"వదిలెయ్యక్కా."

"పడెనా అని అడుగుతాండా."

"రెండించిల నీళ్ళు."

"నీ చేనికి రెండించిలు! మా చేనికి బల్బు!"

"అది చూసినంక నిద్ర పట్టలేదక్కా. ఇంగ ప్యాంటు తొడగలేదు, పంచె ముట్టలేదు. కూలోన్ని కూలోని మాదిరే ఉండల్లని ఈ లుంగీ..."

"ఆ లుంగీ యాడ కొంటివి?"

"ఎందుకక్కా?"

"మడతలు అట్లే ఉండాయి. ఇటు తిరుగు. అదో, అంగడి చీటీ కూడా పీకలేదు."

"కళ్యాణదుర్గం బస్టాండు కాడ. పొద్దున."

"అంటే మా ఇంటికి వచ్చేకని కొంటివి."

"ప్యాంటుతో వస్తే ఏ మొగం పెట్టుకోని..."

"నీళ్ళు చూపేకి ఒక బట్ట, తప్పు ఒప్పుకునేకి ఒక బట్ట. నిన్ను యా బట్టలో నమ్మల్లప్పా?"

"నిజమేనక్కా. నాకు తోచలే. బట్ట మార్చకుండా ఒగరి ముందర నిలబడి ఎన్నేండ్లాయనో."

"పోనీలే, వస్తివి. నాకు చెప్తే చాలదు, మా ఆయప్పకు చెప్పు. నాలుగేండ్లాయ ఆ మనిషి కడుపు నిండా తిని. చేను దిక్కు కూడా చూడడు. అడిగితే మాట్లాడడు. నీ మీద కసి అట్ల లోపలే పెట్టుకున్నాడేమో. కొడితే కొట్టిచ్చుకో."

"దానికే వచ్చినా."

"అదో, గొర్రెలు మలుపు తిరిగె. ఏమయ్యో! ఎవరొచ్చినారో చూడు! బోరు సామి!"

"సామియా? యాడ? ఈ లుంగీ ఆయప్పనా?"

"నేనే, హనుమంతప్పన్నా."

"సామీ! ఏంది సామీ ఇది? ఇట్లయిపోతివేమి?"

"అన్నా, నువ్వు ముందర కుచ్చో. నీకొక మాట చెప్పల్ల. ఆ మిషన్లో..."

"నువ్వేం చెప్పద్దు. నేను చెప్పల్ల నీకు. నాలుగేండ్లుగా మా ఆడమనిషికి కూడా చెప్పలేదు. రెండోసారి నువ్వు పాయింటు చూపి, గుర్తుకు రాయి పెట్టి పోతివి గదా?"

"పెట్టినా. అది ఉత్త..."

"ఆడికి లారీ రావల్లంటే కాపు మీదుండే రెండు చీనీ చెట్లు కొట్టెయ్యల్ల. నాకు మనసొప్పలేదు. నువ్వు పోయినంక ఆ రాయిని ఎనిమిదడుగులు ఇవతలికి జరిపినా."

"ఏమయ్యా! ఏమి నువ్వు చెప్పేది?"

"అవునే తిరుపాలూ. దుమ్ము లేచినప్పుడు నోరు తెరవలేకపోతి. పైగా సామి చూపిన చోట నీళ్ళు లేవని పదూర్లలో నేనే చెప్పుకోని తిరిగితి."

"హనుమంతన్నా, నా మాట విను. నువ్వు ఎనిమిదడుగులు కాదు, ఎనభై అడుగులు జరిపినా అంతే. ఆ పెట్టె వట్టిదన్నా! లోపల ఉత్త బల్బు!"

"నన్ను సమాధానం చేసేకి అట్లంటాండావు. నాకు తెలీదా? నా మాట విని జనం నిన్ను పిలిచేది మానుకున్నారు. రెండు చెట్లకు ఆశపడి నేను చేసిన పనికి, నీకు ఈ లుంగీ గతి పట్టె గదా సామీ!"