పద్నాలుగో నంబరు రత్నమాణిక్యం

పేరు రాయలేదు, పేరు రాయలేదు అంటారేంటండీ ఇందాకట్నుంచి! మీ పుస్తకంలో పేరొక్కటే కదండీ రాయంది? "పద్నాలుగో నంబరు. ఆడమనిషి. యాభై మూడేళ్ళు. రొయ్యల చెరువులున్నాయి. ఊళ్ళో కంప్యూటరున్న ఇల్లు ఈవిడదొక్కటే." ఆయ్, ఇంకేం మిగిలిందండీ? నా పుట్టుమచ్చలా?

కూర్చుంటాను లెండి. భీమవరం నుంచి కాకినాడ దాకా సగం దారి బస్సులో నిలబడే వచ్చాను. మోకాళ్ళు పట్టేశాయి.

ఆ సీసా మీకేనండి, వీరబ్రహ్మంగారూ. రొయ్యల పచ్చడి. మీరు నీచు తింటారో లేదో తెలీదు, మీ స్టాఫులో ఎవరైనా తింటారు. కోపం కోపమే, మర్యాద మర్యాదే.

మీ మంజుషని నేనేం అనట్లేదండీ. బంగారంలాంటి పిల్ల. మీ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నానని పోయిన వేసవిలో మా ఊరొచ్చింది. పల్లెటూళ్ళలో జనం కంప్యూటర్ని ఎంతవరకు నమ్ముతారు, తమ గుట్టు ఎలా దాచుకుంటారు, అదీ పరిశోధన. మా ఊళ్ళో లాడ్జీ ఎక్కడిదండీ? మా మేడమీది గదిలోనే నాలుగు రోజులుంది. పిన్నిగారూ పిన్నిగారూ అంటూ వంటింట్లో నా కొంగు పట్టుకునే తిరిగింది.

కంప్యూటరా? మావారు ఆంజనేయరాజుగారే కొన్నారండీ. చెరువు నీళ్ళ రిపోర్టులు ల్యాబువాళ్ళు మెయిల్లో పంపుతామన్నారు. కొన్నారే గానీ, ముట్టుకోరు. పాములవాడి బుట్టని చూసినట్టు చూస్తారు దాన్ని. పెళ్ళికి ముందు టైపు లోయరు పాసయ్యాను కదా అని నేనే కూర్చున్నాను.

అంతే, ఊళ్ళో మెయిలొచ్చిన ప్రతివాళ్ళూ మా వరండాలోనే! బుల్లియ్య తమ్ముడు ఓడ మీద పని. లోవలక్ష్మి అల్లుడు దుబాయ్‌లో. అలా తొమ్మిదిమంది తేలారు. వచ్చింది చదివి పెట్టేదీ నేనే, వాళ్ళు చెప్పింది కొట్టి పంపేదీ నేనే.

సరే, మంజుష మొదటిరోజే మా అందరికీ క్లాసు చెప్పింది. పాస్‌వర్డ్‌కి మొగుడి పేరు పెట్టకూడదు, పిల్లల పేర్లు పెట్టకూడదు, కుక్క పేరు అసలే పెట్టకూడదు. ఎవరూ ఊహించలేనిది, మీరు చచ్చినా మరిచిపోనిది పెట్టుకోండి అంది.

అప్పటిదాకా నాది మావారి పేరేనండీ! ఒట్టు!

మార్చాలని కూర్చుంటే జీవరాజు గుర్తొచ్చాడు. ఎవరంటే... ఎలా చెప్పమంటారు? మా రాజుగారికంటే ముందు నన్ను పెళ్ళిచూపులు చూసిన పెద్దమనిషి. ఆగండాగండి, ప్రేమా దోమా అనుకునేరు! ఆ రోజు మా అమ్మ వండిన బూరెలు పదిహేడు తిన్నాడండీ మహానుభావుడు. పదిహేడు! మూతి తుడుచుకుని, కబురు చేస్తామని చెప్పి వెళ్ళినవాడు మళ్ళీ అయిపూ అజా లేడు. అలాంటి మనిషిని ఎవరైనా మరిచిపోతారా?

నాలుగోరోజు మంజుష అడిగింది. "పాస్‌వర్డ్ ఏంటో చెప్పొద్దు పిన్నిగారూ, ఎలా ఎంచుకున్నారో చెప్పండి చాలు. మీ పేరు ఎక్కడా రాదు" అంది. చెప్పాను. నవ్వుకుంటూ రాసుకుంది.

మొన్న సంక్రాంతెళ్ళాక తెలుగులో చిన్న పుస్తకం వేసి, కృతజ్ఞతలతో అని మా ఊరి లైబ్రరీకి పంపింది చూశారూ, అక్కడండీ కొంప మునిగింది! పద్నాలుగో నంబరావిడ పాస్‌వర్డ్ తొలి పెళ్ళిచూపులకొచ్చిన వరుడి పేరు అని అచ్చులో ఉంది. ఆ వరుడెవరని ఊరంతా ఒకటే ఆరా. మా వీధి చివర ముసలావిడుందండీ, నిన్న తిన్న కూరేంటో గుర్తుండదు గానీ, జీవరాజు పేరూ, ఊరూ, బూరెల లెక్కా గడగడా అప్పజెప్పేసింది.

సాయంత్రానికల్లా మా రాజుగారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. జన్మలో మొదటిసారి! ఒక్క వేలు పెట్టి వెతుకుతున్నారు. "జె ఎక్కడుంది?" అనడిగారు. నేనే చూపించానండీ, నా ఖర్మ!

తెరుచుకుంది.

తెరమీద చెరువు నీళ్ళ రిపోర్టు. అటే చూస్తూ, "నా పేరు ఏం పాపం చేసింది?" అన్నారు.

"మీ పేరైతే ఎవరైనా ఇట్టే కనిపెట్టేస్తారండీ" అన్నాను. తప్పాండీ? మీరే చెప్పండి, మీ సబ్జెక్టు ప్రకారం రైటే కదా?

ఏం అర్థమైందో ఏంటో, తువ్వాలు భుజాన వేసుకుని చెరువుగట్టు మీది షెడ్డుకి వెళ్ళిపోయారు. మూడు రోజులండీ! క్యారియరు పంపితే తినేసి, కడిగి మరీ పంపేవారు. మాట మాత్రం లేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ క్యారియరు అంత శుభ్రంగా నేనెప్పుడూ చూళ్ళేదు. చూసి ఏడిచాను కూడా.

నాలుగోరోజు మా వాకిట్లో కారాగింది. కబురు రామచంద్రపురం దాకా పాకినట్టుంది, అక్కణ్ణుంచి ఎవరొచ్చారంటారు? జీవరాజే! సిల్కు చొక్కా, జుట్టుకి రంగు. "ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నారటగా, ఓసారి చూసిపోదామని" అంటాడండీ పళ్ళికిలించి! వీధి వీధంతా గోడల మీదికెక్కింది. భూమి చీలితే దూరిపోదామనిపించింది నాకు.

కబురందుకుని మా రాజుగారు గట్టు మీంచి బురదకాళ్ళతో వచ్చారు. అయిపోయింది, కొట్టుకుంటారు అనుకున్నాను. ఆయన కాళ్ళు కడుక్కుని, కుర్చీ లాక్కుని, ఒకటే ప్రశ్న వేశారు. "ఆ రోజు కబురెందుకు చెయ్యలేదండీ?"

జీవరాజు తల దించుకున్నాడు. "బూరెలు వికటించి వారం రోజులు మంచం పట్టానండీ. లేచేటప్పటికి మీ సంబంధం ఖాయమైపోయింది" అన్నాడు.

మా రాజుగారు నవ్వారు చూడండీ, దొడ్లో గేదె బెదిరి పలుపు తెంపుకుంది! "అయితే మా అత్తగారి బూరెలే నా పెళ్ళి చేశాయన్నమాట!" అని ఆయన్ని వదలకుండా భోజనానికి కూర్చోబెట్టారు. మళ్ళీ బూరెలే, కాకపోతే వండింది నేనండీ. ఈసారి ఆరుతో ఆపాడు, వయసు మీద పడింది కదా పాపం. ఆ పూట నుంచీ మా రాజుగారు ఇంట్లోనే భోంచేస్తున్నారు.

అవునండీ, సర్దుకుంది. కాదన్నానా?

మరెందుకొచ్చానంటారా? అదీ... కొంచెం ఆ తలుపు దగ్గరకి వేస్తారా?

ఆ పుస్తకం లైబ్రరీలో పైకి చదివిందెవరో మీకు మంజుష చెప్పలేదా? నేనేనండీ. ఏం చేస్తాను, అందరూ నన్నే చదవమన్నారు! మూడో నంబరు పాస్‌వర్డ్ క్యాలెండరు వెనక రాసుకుంటాడంటే, "ఇంకెవరు, మన బుల్లియ్యే" అన్నాను. ఎనిమిదో నంబరు ఆవిడ కంప్యూటర్‌కి బొట్టుపెట్టి గానీ మెయిలు తెరవనివ్వదంటే, లోవలక్ష్మిని చూపించాను. మా రాజుగారి చిన్నాన్న కొడుకుని కూడా వదల్లేదు. ఒకటి నుంచి పదమూడు దాకా ఒక్కర్ని మిగల్చలేదండీ! జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ ఊపులో పద్నాలుగు కూడా చదివేశాను. సగం చదివాక తెలిసింది, అది నేనని.

పేర్లు మీరు రాయలేదు. ఒప్పుకుంటున్నాను. బయటపెట్టింది నా నోరే.

కానీ చివరి పేజీలో నంబరు కూడా వెయ్యని మాటొకటుంది, అది మాత్రం పైకి చదవలేదండీ. కళ్ళతో చదివి పుస్తకం మూసేశాను. కంఠతా వచ్చేసింది. "నాకొచ్చే మెయిల్స్ మా ఊళ్ళో ఒకావిడ చదివి పెడుతుంది. సాయంత్రానికి అవి ఊరంతా తెలిసిపోతాయని నాకు తెలుసు. అయినా ఆవిడ దగ్గరికే వెళ్తాను. నావాళ్ళు ఏడుస్తూ రాస్తే, చదివేటప్పుడు ఆవిడ గొంతు కూడా పూడుకుపోతుంది."

...లేదండీ, కంట్లో ఏదో పడింది. మీ గదిలో దుమ్ము ఎక్కువ.

తొమ్మిదిమందిలో ఎవరండీ అది? మీ దగ్గర పేర్ల లిస్టు ఉంటుంది కదా, ఒక్క పేరు చెప్పండి చాలు. ఎవరికీ చెప్పను. తిట్టడానిక్కాదండీ బాబూ! ఆ ఒక్క మనిషి గుట్టు మాత్రం ఇకమీదట నా కడుపులోనే ఉంచుకుందామని.

చెప్పరా? నిజంగానే చెప్పరా? మీ శిష్యురాలూ ఇంతే, ఫోన్లో ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. పరవాలేదు, గట్టివాళ్ళే.

అయితే నా గతేంటండీ? ఎవరో తెలిస్తే ఒక్కరిది దాచుకుని మిగతా ఎనిమిదీ చెప్పుకుని బతికేదాన్ని. ఇప్పుడు తొమ్మిదీ దాచుకోవాలా? ఈ వయసులో! ఈ బీపీతో! నిన్న లోవలక్ష్మి అల్లుడు దుబాయ్ నుంచి ఏం రాశాడో తెలుసాండీ...

వద్దులెండి. నా బస్సుకి టైమైంది.