మావయ్య ఉంగరం, రాగి బిందె

అలా గుమ్మంలోనే నిలబడితే ఎలా మావయ్యా? ముందా గొడుగు పక్కన పెట్టి కూర్చోండి. నందిగామ నుంచి బస్సులో నిలబడే వచ్చుంటారు.

అమ్మ కబురు చేసిందిగా, నిజమే. ప్రధానంనాడు మీరు నా వేలికి తొడిగిన ఉంగరమే. కరిగించేశా. గురువారం మీ జయమణితో పెళ్ళి పెట్టుకుని, బీయెస్సీ పాసైనవాడు చేసే పనేనా అంటారు, అంతేగా? చెప్పనివ్వండి మరి.

కిందటేడు అమెరికాలో ఎవరో బంగారంలో కాస్త సిలికాన్ కలిపి, కరిగించి, కన్ను మూసి తెరిచేలోపు చల్లార్చారట. లోహం కాస్తా గాజైపోయింది. బెజవాడ కాలేజీ లైబ్రరీలో అది చదివినప్పట్నించీ నాకు నిద్ర లేదు.

ఎలాగంటారా? మన చర్చి చూడండి. తీరిగ్గా వస్తే మగాళ్ళు ఇటు, ఆడాళ్ళు అటు, చాపల మీద వరసగా కూర్చుంటారు. లోహంలో పరమాణువులూ అంతే. అదే అందరూ గుమ్మంలో తోసుకుంటుండగానే పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టేశారనుకోండి, ఎక్కడివాళ్ళక్కడే కళ్ళు మూసుకుంటారు. వరసా పాడూ ఉండదు. గాజంటే అదీ. కాస్త సందు దొరికిందా, మళ్ళీ సర్దుకుని వరసల్లోకి పోతారు. ఆ అమెరికా రేకు కూడా ఒక్క రోజే నిలిచిందట.

మనదా? కుంపట్లో కరిగించి, రాగి బిందె బోర్లించి, దాని వీపు మీద విసిరా. రేకైతే వచ్చింది. గాజు కాలేదు.

కాదని నాకు ముందే తెలుసు.

ఇటు జరగండి, మెల్లగా చెబుతా. ప్రధానం మర్నాడే సరదాకి ఉంగరాన్ని నీళ్ళలో తూచా. మంచి బంగారమైతే నీటికి పదిహేడు రెట్లన్నా బరువుండాలి. ఇది పన్నెండు దగ్గరే ఆగిపోయింది. సగానికి సగం రాగి.

తల దించుకోకండి మావయ్యా. మీ మిరపతోట వానకి కుళ్ళిన సంగతి నాకు తెలీదా?

అమ్మేమో మొన్న ఉంగరం వదులుగా ఉందంటూ కంసాలి దగ్గరికి బయల్దేరింది. అతను గీటురాయి మీద ఒక్క గీత గీస్తే చాలు, సాయంత్రానికి పేటంతా పాకేది. అందుకని ప్రయోగం అంటూ లాక్కుని కుంపట్లో పడేశా. ఇక అందులో రాగి ఉంటే అది నా నిర్వాకమే. ఎవడు కాదంటాడు?

సరే, ఇప్పుడు లేవండి. నన్ను తిట్టడానికేగా వచ్చారు, తిట్టండి.

ఇంకొంచెం గట్టిగా మావయ్యా. వంటింట్లో అమ్మకి వినపడాలి.