ఐదు నిమిషాలు ఆగాలి

హలో… ఆ, నేనేనమ్మా, బావని. పాప పాలు తాగేసింది. నానమ్మ జడేస్తోంది… ఏం, గొంతు అలా ఉంది?

…హీటరా? ఆసుపత్రి ఈతకొలనుదా? మెకానిక్ రాకపోతే ఇంకొకణ్ణి పిలవమనమ్మా. నీకెందుకు ఆ పని?

…తెలుసు. పదింటికి నీళ్ళ కసరత్తుకి నీ పేషెంట్లొస్తారు. కాళ్ళు పట్టేసినవాళ్ళు చన్నీళ్ళలో దిగలేరు. తెలుసు గానీ…

…ఇదివరకు నువ్వే వెలిగించావా, రెండుసార్లు? మెకానిక్ పక్కనుండగానా? నాకు చెప్పలేదేం?

…నిజమే. చెప్పినా వినలేకపోయేవాణ్ణి.

నేను రావడమా… లేదమ్మా. తమ్ముడు పోయాక ఈ హీటర్ల పనిముట్లే ముట్టుకోలేదు నేను, నీకు తెలియనిదేముంది. ఫోన్‌లో ఉంటాను. కానీ నేను ఒకటి చెప్తే నువ్వు ఒకటి చెయ్యాలి, అంతే. ముందుకి పోకూడదు.

హీటరు గది తలుపులు రెండూ బార్లా తెరువు. లైటు వెయ్యకు. ఫోన్ స్పీకర్లో పెట్టి గుమ్మం బయట గట్టు మీద వదిలెయ్. లోపలికెళ్ళి వంగి, నేల దగ్గర వాసన చూడు. సిలిండర్ గ్యాసు బరువు, కిందే పేరుకుంటుంది. ఏ కాస్త వాసన తగిలినా దేన్నీ ముట్టుకోకుండా బయటికొచ్చెయ్.

…

…లేదా? జలుబేం లేదుగా నీకు?… నవ్వకు. అడగాలి.

పంపు తిరుగుతోందా?… నీళ్ళు పారకుండా మంట వెలిగిస్తే లోపల గొట్టాలు మాడిపోతాయి, అందుకని అడిగాను. పైన పొగగొట్టంలో ఆకులూ పిట్టగూళ్ళూ లేవుగా?… మంచిది.

వేడి పూర్తిగా తగ్గించెయ్. గ్యాస్ నాబ్ 'ఆఫ్' మీదికి తిప్పు. చేత్తోనే, పట్టకారు పెట్టకు… అయిందా? ఇక బయటికొచ్చి కూర్చో. ఐదు నిమిషాలు.

…ఐదంటే ఐదే. లోపల మిగిలిన గ్యాసంతా పోవాలి.

…

…అవును. తమ్ముడు ఆగలేదు.

…

అమ్మా, ఒక మాట… కాదు, హీటరు గురించి కాదు. అంటే… దాని గురించే.

వాడికి తొందరెక్కువ అన్నాను నేను. ఆసుపత్రి వరండాలో, నీ ఎదురుగానే. రెండేళ్ళుగా మనింట్లో అదే మాట. పాప చెప్పులేసుకోకుండా పరిగెత్తినా, అంతా వాళ్ళ నాన్న పోలికే అంటాం.

వాడికి తొందర లేదమ్మా.

ఆ రోజు కొలను హీటర్లో మంట రెండుసార్లు ఆరిపోతే వాడు నాకు ఫోన్ చేశాడు. ఐదు నిమిషాలాగి మళ్ళీ చూస్తానన్నయ్యా అన్నాడు. నాకేమో అవతల ఇంకో రెండు కొలనులు మిగిలిపోయాయి. వాటి ఓనర్లు పొద్దుట్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారు. అందుకని… 'ఆగేదేంట్రా, మళ్ళీ మీట కొట్టు' అన్నాను.

…

అవును. సరిగ్గా ఆ మాటే.

…సరే అన్నయ్యా అన్నాడు. ఫోన్ పెట్టలేదు వాడు. భగ్గుమన్న ఆ చప్పుడు నాకు వినబడింది.

…

ఇంకా ఉందమ్మా.

…

పదకొండు రోజులు మంచం మీదున్నాడు, ఒక్కరికీ చెప్పలేదు. నువ్వడిగితే కూడా, నేనే తొందరపడ్డానన్నాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. విన్నాను. లోపలికి రాలేకపోయాను.

…

తిట్టమ్మా. ఏదో ఒకటి అను…

…ఆరు నిమిషాలైందా? వద్దు, ఇప్పుడొద్దు. ఈ మాట విన్న వెంటనే వద్దు. ఒక్కరోజు కసరత్తు మానేస్తే పేషెంట్లకేం కాదు.

…చెయ్యగలనంటావా. సరే. నీ మాటే.

మళ్ళీ వాసన చూడు… లేదుగా? పక్కకి నిలబడు, మొహం ఎదురుగా పెట్టకు. నాబ్ 'పైలట్' మీదికి, అదే చిన్న మంట మీదికి, తిప్పి నొక్కి పట్టుకో. నిప్పురవ్వ మీట కొట్టు.

…అంటుకుందా? చిన్న నీలం మంటేనా? వదలకు. నిమిషంపాటు నొక్కే ఉంచు… ఇప్పుడు మెల్లిగా వదులు.

…ఆరిపోయిందా.

ఆఫ్ చెయ్. బయటికి రా. మళ్ళీ ఐదు నిమిషాలు.

…ఉంటానమ్మా. ఎంతసేపైనా ఉంటాను.

…

…పాపకా? నేను చెప్పాలా? తొమ్మిదేళ్ళ పిల్ల, దానికేం అర్థమవుతుంది…

…అవును. నాన్నది తొందర అంటే అర్థమైంది కదా దానికి. అవును.

…మా అమ్మకి కూడానా? చెప్తాను. ఇవాళే. నువ్వొచ్చేలోపే.

…

అయిందా టైము? మొదట్నుంచీ అంతా అలాగే చెయ్. వాసన చూడటంతో సహా.

…

…నొక్కే ఉంచు… ఇంకా… ఇప్పుడు వదులు.

…నిలబడిందా?

నిజంగా?… సరే. పక్కకే ఉండి 'ఆన్'కి తిప్పు. వేడి కొంచెం కొంచెంగా పెంచు… ఆ, నాకూ వినబడింది. మెత్తగా 'బుస్' అంది. అంతే అనాలి అది. అరగంట అక్కడే కనిపెట్టుకుని ఉండు. మళ్ళీ ఆరిపోతే ఇక నువ్వు ముట్టుకోకు, మెకానిక్ వచ్చేదాకా గ్యాసు కట్టేసి ఉంచు.

బాగా చేశావమ్మా. వాడుంటే…

…సరే. అనను.

…

…ఏంటీ?… రేపట్నుంచి పాపని మీ అక్క దగ్గర దింపుతావా?

…లేదు, నేనేమీ అనుకోను. నీ పిల్ల, నీ ఇష్టం. ఎన్నాళ్ళు అని కూడా అడగను. మా అమ్మకి మాత్రం… పాపని అప్పుడప్పుడూ చూపిస్తావుగా?

…హలో?… హలో?

…

పాపా… కాదు తల్లీ, అమ్మ పెట్టేసింది. పనిలో ఉంది. నానమ్మని కూడా పిలువు, ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి ఇద్దరూ.

ఒక సంగతి చెప్పాలి. మీ నాన్న గురించి… కాదు. నా గురించి.