వంపు

ప్రదర్శన తెరవడానికి ఇంకా టైముంది. తెల్లటి హాల్లో, పాత బస్టాపు నుంచి తెచ్చిన ఇనప కమ్మీల మధ్య తీగలతో కట్టి నిలబెట్టిన స్టీలు గొట్టాల కుర్చీ ముందు అక్క ఆగిపోయింది. ఆ శిల్పం చేసిన తమ్ముడు పక్కనే ఉన్నాడు.

"ఇది మా ఇంట్లోది కదరా?"

"అవునక్కా. పాతసామాన్లలో పడేస్తుంటే బావనడిగి తెచ్చుకున్నా. ఆ కాలు చూశావా? శిల్పం పేరే 'వంపు'. అలాంటి వంపు చేత్తో రాదంటున్నారు అందరూ."

"నువ్వు వంచలేదా?"

"లేదు, అలాగే ఉంది. బల్బు మార్చడానికి ఎక్కితే వంగిపోయిందట, బావ చెప్పాడు."

"ఎక్కలేదు. ఎత్తాడు."

"అంటే?"

"రెండు చేతులా ఎత్తి నా వీపు మీద దించాడు. గొట్టం వంగేదాకా ఆపలేదు."

"అక్కా! బాత్రూంలో జారిపడ్డానన్నావు కదే!"

"అన్నాను. నువ్వూ నమ్మేశావు. ఆ వంపు నా పక్కటెముకలదిరా. దానికేమో 'ముట్టుకోవద్దు' అని బోర్డు పెట్టావు. ఆ బోర్డేదో అప్పుడే నా మెడలో వేసుంటే బాగుండేది."

"వాణ్ణి నరికి పోగులు పెడతాను!"

"అరవకు. అదిగో, పూలగుత్తి పట్టుకుని నవ్వుకుంటూ మెట్లెక్కుతున్నాడు మీ బావ. ముందా కుర్చీ ఊడబెరుకు."

"వాడు చూడకుండా దాచేద్దామా?"

"దాచడమెందుకురా? రెండో కాలు ఇంకా తిన్నగానే ఉంది."