ఐదు కాగితాల మీద ఒక్కటే రొట్టె

"తాతా, నీ రాత మంచిగుంటదంట. మా పెండ్లి గురించి ఎంబసీకి ఒక ఉత్తరం రాసియ్యవా?"

నా రాతనా? ఎవలు చెప్పిన్రు బిడ్డా నీకు, మీ అమ్మనా? కూసో. ఆ కుర్చీల కాదు, దాని కాలు ఊగుతది, ఇట్ల మంచం మీద కూసో. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టుకో, మంచిదే. నేను చెప్పేది పూర్తిగ విన్నంక మల్ల నన్ను ఉత్తరం అడగవు నువ్వు.

నలభై ఏండ్లు మన జహీరాబాద్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందల కూసుండి దస్తావేజులు రాసిన. చదివింది ఏడో తరగతి. ఏడు గూడ పూర్తిగ కాదు, లెక్కల్ల పోయింది. పాత కాగితాలు చూసి చూసి నేర్చుకున్న. చాయ్ పావలా ఉండె గప్పుడు. కోహీర్ల పొలం అమ్మకం గానీ, రాయికోడ్ల అన్నదమ్ముల పంపకం గానీ, నా దగ్గరికే వస్తుండిరి. తూర్పు హద్దు, పడమర హద్దు అని రాసి కింద గీత కొడితె, రైతు నన్ను వకీలుకన్న పెద్దోడు అనుకుంటుండె. నేను గూడ అట్లనే అనుకున్న. గక్కడ్నే వచ్చింది తంటా.

మా శైలజ తెలుసు గద? పెద్దబిడ్డ కూతురు. హైదరాబాదుల కంపెనీల చేస్తది. ఆ కంపెనీలనే ఒక పిలగాడు, బసవరాజు అని, బీదర్ తరఫోళ్లు. కెనడాల ఉంటడు, అక్కడ ఎప్పటికి ఉండేటి పర్మిషన్ ఉన్నది. ఈమె ఇక్కడ, ఆయన అక్కడ. కంప్యూటర్ మీటింగులల్ల కలిసిన్రు. రెండేండ్లు అట్లనే మాట్లాడుకున్నరు, ఒకల చెయ్యి ఒకలు పట్టుకోకుండ. మేం పెండ్లయి నెల దాటినా మొఖం సక్కగ చూసుకోలే. వీళ్లు మొఖమొక్కటే చూసుకుని పెండ్లిదాక వచ్చిన్రు. ఏది మంచి పద్ధతో నాకిప్పటికి తెల్వది.

సరే, రెండిండ్లోళ్లు ఒప్పుకున్నరు. మల్ల పిల్లను ఎట్ల తీస్కపోవాలె? శైలజ మమ్ముల కూసోబెట్టి చెప్పింది. కొన్ని దేశాలల్ల నిశ్చితార్థం అయినోళ్లకు గూడ వీసా ఉంటదట. కెనడాల గట్ల లేదట. పెండ్లన్న కావాలె, లేకుంటె పెండ్లిగాకుండనే ఏడాది ఒక్కింట్ల కలిసున్నట్టు రుజువన్న చూపాలె. ఈ మాట ఇనంగనే మా ముసల్ది లేచి దేవునర్రలకు పోయింది. దీపం ముట్టిచ్చి వచ్చి, "పెండ్లే చేద్దాం" అన్నది. ఇంకొకటున్నది. పిలగాడు పెండ్లాన్ని మూడేండ్లు పోషిస్త అని సర్కారుకు సంతకం పెట్టియ్యాలె. నా పెండ్లప్పుడు నన్నెవలు గట్ల అడగలే. అడిగితె జర ఆలోచన చేస్తుంటి.

పెండ్లి ఇక్కడ్నే ఫంక్షన్ హాల్ల చేసినం. చుట్టాలు అడుగుతరు గద, సంబంధం ఎవలు తెచ్చిన్రు అని. పిల్లనే చూసుకున్నది అంటె నా మొఖం ఏంగావాలె? "నేనే తెచ్చిన, బీదర్ల నా పాత దోస్తున్నడు" అన్న. దోస్తు లేడు, గీస్తు లేడు. బీదర్ల నాకు ఎరికైంది బస్టాండొక్కటే. గా అబద్ధం ఆడికే ఆగితె ఏం గాకపోవు.

పిలగాడు లీవు అయిపోయి వాపస్ పోయిండు. కాగితాలు మొదలైనయి. పెండ్లి నిజమే అని రుజువులు కావాలెనట. ఫోటోలు, ఫోన్ల జాబితా, తెలిసినోళ్ల ఉత్తరాలు. శైలజ వచ్చి, "తాతా, నీకు తెల్సింది నాలుగు ముక్కలు రాయి. ఇంకో నలుగురితోని గూడ రాయించు" అన్నది. నాలుగు ముక్కలు రాసుడు నాకు రాదు గదనే! కలం పట్టుకుంటె దానంతట అదే ఉరుకుతది. "నేను స్వయముగా బీదరుకు వెళ్లి, వరుని గృహమున జొన్నరొట్టె, వంకాయకూర ఆరగించి, వంశమును విచారించి, తృప్తి చెంది, పెండ్లిచూపులు జరిపించితిని" అని రాసిన. రాసి మల్లొకసారి చదువుకున్న. నాకే నోరూరింది.

ఇగ నలుగురు సాక్షులు. మా ముసల్ది, మా తమ్ముడు నర్సిములు, అల్లుడు, పక్క దుకాణం శేఠు. మా పనిల ఒక పద్ధతున్నది. సాక్షులు ఎంతమందున్నా మాట ఒక్కటే ఉండాలె, తేడా వస్తె కోర్టుల దొరుకుతరు. అందుకని నలుగురికి అదే నకలు కొట్టిచ్చిన. పేరొక్కటి మార్చిన. ఇక్కడ్నే ఇంగ్లీషుల చేయించి, నోటరీ ముద్దరేయించి, స్కాన్ కొట్టిచ్చి పంపిన. తాత రాసిండు గద అని పిల్ల మల్ల చూడలే, అట్లనే దరఖాస్తుల పెట్టింది.

ఏడాది దాటినంక జవాబొచ్చింది. కాదన్నరు.

ఎందుకు? దరఖాస్తుల పిల్లేమో కంపెనీల కలిసినం అంటది, తాతేమో పెండ్లిచూపులల్ల కలిసిన్రు అంటడు. పైంగ ఐదుగురు ఐదు కాగితాల మీద ఒక్కటే రొట్టె, ఒక్కటే వంకాయకూర తిన్నరు. ఇది నిజం పెండ్లని మాకు నమ్మకం కుదుర్తలేదు అని రాసిన్రు. ఆ ఆఫీసర్‌ని ఏమంటవు? నేనైతె ఇంకా ముందే పట్టుకుంటుంటి.

శైలజ ఆ కాగితం పట్టుకుని బస్సుల వచ్చింది. గుమ్మం కాడనే నిలబడ్డది.

"తాతా, నువ్వెప్పుడు పోయినవ్ బీదర్?"

"పోలే బిడ్డా."

"మల్ల వంకాయకూర?"

"ఎవలింట్లనైన వండుతరు గద అనుకున్న."

నవ్వుతదేమో అనుకున్న. నవ్వలే. "మేం ఇష్టపడి చేసుకున్నం అనేదొక్కటే తాతా మా దగ్గరున్న రుజువు. నువ్వు దాన్నే కొట్టేసినవ్" అన్నది. చెప్పులు గూడ విప్పలే, తిరిగి బస్టాండుకు పోయింది. నీళ్లియ్యి బిడ్డా జర. ఆ చెంబుల ఉన్నయి.

అప్పీలు పోవచ్చన్నరు, లేకుంటె కొత్తగ దరఖాస్తు చేయొచ్చన్నరు. వాళ్లు కొత్తగనే చేసిన్రు. ఈ సారి నేనే ఫోన్ చేసి, "బిడ్డా, నేను రాస్త" అన్న. "నిజం రాస్తవా?" అన్నది. రాస్త అన్న. వేల కాగితాలు రాసినోన్ని, ఒక్క పేజీకి ఎనిమిది చింపిన. "నేను బీదర్ పోలేదు. వాళ్లింట్ల ఏం తినలేదు. పిలగాన్ని పిల్లనే చూసుకున్నది. చుట్టాలు నవ్వుతరని నేను అబద్ధం రాసిన. తప్పు నాది, వాళ్లది కాదు." గంతే. ముద్దరేసేటప్పుడు నోటరీ చదివి నా దిక్కు చూసిండు. సాయంత్రానికి జహీరాబాద్ మొత్తం తెలిసింది. ఏ చుట్టాలకు భయపడి అబద్ధమాడిననో, గా చుట్టాలే ఇంటికొచ్చి చాయ్ తాగి నవ్వి పోయిన్రు.

మిగిలినోళ్లను ఎవలది వాళ్లనే రాయమన్నం. మా నర్సిములు ఏం రాసిండో తెలుసా? పెండ్లిల మటన్ తక్కువ పడ్డది, నాకు రెండోసారి పెట్టలే, పిలగాడు సిగ్గుపడి తన ప్లేటు నాకిచ్చిండు అని రాసిండు. నేను గరమైన. వద్దురా, పరువు పోతది అన్న. శైలజ చదివి, "చిన్నతాతదే అన్నిట్లకన్న మంచిగుంది, ఒక్క అక్షరం మార్చొద్దు" అన్నది. నలభై ఏండ్ల నా రాత ఒక దిక్కు, వాని మటన్ ఒక దిక్కు.

జవాబు ఇంకా రాలే. పెండ్లయి మూడో ఏడు నడుస్తుంది. రెండు పెండ్లిరోజులు ఫోన్లనే అయిపోయినయి. ఆయనకు పొద్దుగాల అయితె ఈమెకు పొద్దుగూకుతది. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తది. నేను హలో అనకముందే, "ఇంకేం రాలే తాతా" అంటది. ఇంతకుముందు తిన్నవా అని అడుగుతుండె మొదలు.

అందుకని నీకు నేను రాయ బిడ్డా. కోపం చేసుకోకు. మీ నాయన్ని రాయమను, మీ అమ్మను రాయమను, అక్షరాలు వంకరొచ్చినా ఫికర్ లేదు. మీరెట్ల కలిసిన్రో గట్లనే రాయున్రి, సిగ్గొస్తె సిగ్గుతోనే రాయున్రి. లేసినవా? దగ్గరికి రా, నెత్తి మీద చెయ్యి పెట్టనీ. నూరేండ్లు బతకమని నేననను, దూరం దూరం ఉంటె నూరేండ్లు ఏం జేసుకుంటరు. ఇద్దరు ఒక్క ఇంట్ల ఉండున్రి. ఒక్క దువ్వెన కాడ కొట్లాడుకోవాలె, ఫ్యాన్ ఎక్కువైందని ఒకలు, తక్కువైందని ఒకలు లొల్లి పెట్టాలె. ఆ లొల్లి ఉండాలె ఇంట్ల... పైలంగ పో బిడ్డా.