ఏ నీళ్ళకు?

పొద్దున ఐదు నలభైకి మంచినీళ్ళ కుళాయి కింద బిందె పెడితిని బావా, అప్పుడే గేటు బయట మోపెడ్ ఆగింది. నువ్వే చెప్పు, ఇది మనిషి వచ్చే వేళేనా? నిన్న పదహారో దినం, అంతమంది ముందర వద్దనిపించుకున్న మనిషి, తెల్లారేసరికి మళ్ళీ వచ్చి నిలబడితే నేనేమి చేసేది?

ఎవరా? ఇంకెవరు, నా అన్న హరిహరనే.

గేటు తెరవలేదు. బిందె నిండేదాకా అటు వీపు పెట్టి నిలబడ్డా. నిండి పొర్లింది. సిరువాణి ఏటి నీళ్ళు అట్లా పొర్లనిస్తే నువ్వు ఊరుకుంటావా? ఊరుకోవు. ఇప్పుడు ఊరుకున్నావు, చూడు.

అట్లా నవ్వొద్దు. మాలేసిన ఫోటోలో కూడా అదే నవ్వు, అదే మసి చొక్కా. ఇంకొక మంచి ఫోటో వెతికితే దొరకలేదు. అన్నిటిలోనూ నీ వెనక ఆ పడవే ఉండాది.

సరే, పడవ అననులే, యాట్. మోటారు యాట్. చచ్చిపోయీ నన్ను దిద్దాలా?

కోయంబత్తూరులో పుట్టిన వాడికి సముద్రం మీద ఏమి మోజు బావా? తిరుప్పూరులో బనియన్ మిషన్లు, డైయింగ్ పంపులు రిపేరు చేసుకునే మనిషివి. తూత్తుకుడి పాత రేవులో ఎవరో వదిలేసి, కాకులు గూడు కట్టిన పడవను కొనుక్కుంటివి. ప్రతి శుక్రవారం సాయంత్రం సంచి తగిలించుకుని పోయేది, సోమవారం వచ్చేది, గోళ్ళ కింద నీలం రంగు. 'నాన్నకు తూత్తుకుడిలో చిన్నిల్లు ఉండాది' అని మన ఇందుజ అంటే, నువ్వు సిగ్గుపడేవాడివి. నిజంగా ఉన్నవాడిలాగానే సిగ్గుపడేవాడివి!

పాత పెయింటు గీకినావు. కుళ్ళిన పలకలు మార్చినావు. ఇంజను కూడా లేచింది. ఆ పొగ గొట్టం వంపే, ఎల్బో అంటావే, అదే తుప్పు పట్టి రాలిపోయింది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడిందంట. వంటింట్లో గ్లాసు వంచి పట్టుకుని నాకు పాఠం చెప్పినావు, ఔను, మరిచిపోలేదు. పొగ నిప్పులాగా వస్తాది దేవీ, సముద్రం నీళ్ళు లాగి ఈ వంపులో దాంతో కలిపి చల్లార్చి, వెనక నుంచి బయటికి చిమ్మతాది. అంత చిన్న వంపు.

అన్నకు ఫోను చేస్తివి. నేను పక్కనే దోసె పోస్తా ఉంటిని. గణపతి ఏరియాలో వాళ్ళ ఇనుము పోత పట్టరకు ఎవరు ఫోను చేసినా అతను అడిగేది ఒకటే కదా: "ఏ నీళ్ళకు, మాప్ళె?" ఏ సామాను పోతపోసినా, అది ఏ నీళ్ళకు పోతాదో అచ్చులోనే చెక్కి, తమిళ అక్షరాలు ఉబ్బెత్తుగా వచ్చేటట్టు పోసేది అతని పద్ధతి. తెలుగు మాట్లాడతాడు గాని, మనందరిలాగానే, రాయమంటే రాదు.

"ఉప్పు నీళ్ళకు మచ్చాన్" అంటివి.

అంతే. పడవ మాట ఎత్తితే మా అన్న నవ్వుతాడని పడవ అననే లేదు నువ్వు.

మనింట్లో ఉప్పు నీళ్ళంటే ఏమి బావా? బోరు నీళ్ళు. గిన్నెలు కడిగే నీళ్ళు. పెరట్లో రెండు కుళాయిలు, ఒకటి మంచినీళ్ళు, ఒకటి ఉప్పునీళ్ళు. ఈ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. తిరుప్పూరులో ఏదో డైయింగ్ జనరేటరుకు అడుగుతున్నావనుకుని, బోరు మోటార్లకు పోసే ఇనుమే పోసి పంపినాడు.

ఒక్క మాట ఎక్కువ అడగొద్దా? అడిగుంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?

అతని తప్పు లేదంటావు. తెలుసు, నువ్వట్లానే అంటావు. నీకు మచ్చాన్ అంటే ఎప్పుడూ అంతే.

ఆ ఆదివారం నేను రేవుకు రావాల. మొదటిసారి ఎక్కాల. నిమ్మకాయలు కూడా తెచ్చి పెట్టుకుంటిని, దోవకు సాదం కలుపుకోవాలని. శనివారం మధ్యాహ్నం బ్యాటరీకి చార్జి ఎక్కాలని ఇంజను ఆడనిచ్చి, నువ్వు లోపల గదిలో వాలినావంట. ఆ వంపు గోడను సముద్రం లోపల నుంచి తినేసుండాది. చీలికలో నుంచి పొగ గదిలోకే వచ్చింది. పెద్దగా వాసన కూడా రాదంట. నిద్రలోనే అంట. అందరూ ఆ మాటే చెప్తారు నాకు, నిద్రలోనే, నిద్రలోనే అని. నాకేదో వరం ఇచ్చినట్టు.

స్టేషన్లో ఆ విరిగిన వంపు బల్ల మీద పెట్టి చూపించినారు. తుప్పులో అక్షరాలు ఇంకా కనబడతా ఉన్నాయి, 'ఉప్పు తణ్ణి' అని. ఇన్‌స్పెక్టరు తూత్తుకుడి మనిషి. "సరిగ్గానే రాసుండారే అమ్మా, ఉప్పు తణ్ణి కదా" అన్నాడు. ఆయనకు అది సముద్రం, కడల్. ఆ గదిలో ఆ మాటకు మనింటి అర్థం తెలిసిందాన్ని నేనొక్కదాన్నే.

నిన్న అన్న పుట్టింటి చీర పట్టుకొచ్చినాడు. తెలుసు, అన్న తెచ్చే చీర కట్టుకోకపోతే పుట్టిల్లు లేదన్నట్టే. పెద్దమ్మ నాగమ్మాళ్ నా భుజం పట్టి నొక్కింది. అయినా అంటిని. "ఈ చేతులతో పోసిందే నా మొగుణ్ణి తీసుకుపోయింది, ఈ చేతులతో చీర తెస్తావా" అంటిని. చీర మడత నలగకుండా సంచిలో పెట్టుకుని పోయినాడు.

ఒక్క మాటైనా చెప్పుంటే బాగుండు. తప్పు లేనివాడు ఊరుకుంటాడా?

*

బావా.

కొన్ని దినాలుగా నీతో మాట్లాడలేదు. కోపం కాదులే.

మోపెడ్ కూడా రావడం లేదు. పొద్దున బిందె పెట్టి గేటు వైపే చూస్తుండా.

ఈరోజు మాయాండి వచ్చినాడు, రేవులో నీతో ఇంజను పని చేసేవాడు. నీ కళ్ళజోడు, గీకుడు కత్తి, టవలు తెచ్చిచ్చినాడు. వాటితో ఒక గోతం మూట. పడవలో నీ పరుపు కింద దొరికిందంట.

నువ్వుండగానే ఒకసారి అన్న తిరుచెందూరు పోయి వస్తా, నీ పడవ చూద్దామని రేవులో దిగినాడంట. తాను పోసింది అక్కడ బిగించుండడం చూసి తల బాదుకున్నాడంట. "ఇంజను ఆడించొద్దు మాప్ళె" అని ఊరికి పరిగెత్తి, స్టెయిన్‌లెస్‌లో వేరేది పోసి, తనే మోసుకొచ్చి నీ చేతికిచ్చినాడంట. బోల్టులు బిగుసుకుపోయినాయి, విప్పితే రెండు వారాలు ఇంజను లేదు అన్నావంట నువ్వు. "ఆదివారం దేవి వస్తాది. ఒక్క చుట్టు తిప్పి, తర్వాత విప్పుదాం" అన్నావంట.

అదేమి బావా, నేను ఇంకో నెల ఆగనా?

ఈ సంగతి ఇంట్లో చెప్పండన్నా అని మాయాండి నీ సావు దినమే అన్నను అడిగినాడంట. "పోయినవాడి మీద ఎందుకు, నా మీదే ఉండనీ. దేవి ఎవరినన్నా తిట్టాల కదా" అన్నాడంట అన్న.

మాయాండి పోయినాక మూట విప్పి, మంచినీళ్ళ కుళాయి కింద పెట్టి కడిగితిని. కొత్తది, ఒక్క మచ్చ లేదు. వంపు మీద వేలు పెడితే అక్షరాలు తగిలినాయి. ఉప్పు తణ్ణి అని లేదు బావా. 'కడల్ తణ్ణి' అని ఉండాది.