నాలుగో పేజీ

హలో… ఆ, నేనే. నాలుగో అంతస్తు కుళాయిలావిణ్ణే… చెప్పండి మేడమ్.

… లేదు, పనైపోయింది. కింద ఒకరింట్లో పైపు జాయింటు బిగించి ఇప్పుడే ఇంట్లో అడుగుపెట్టా. చేతులింకా కడుక్కోలేదు. ఫర్వాలేదు, చెప్పండి.

… రేపా? ఎన్నింటికి?… పదకొండుకి. ఓహో, పెద్దాఫీసరుగారే వస్తున్నారా. కుర్చీలు, మైకు, ఫోటోలు. బావుంది. మరి నన్నేం చెయ్యమంటారు?… సర్టిఫికెట్టు పుచ్చుకోవాలి. నవ్వాలి. 'ఈ ఉపాధి కేంద్రం వల్లే నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను' అనాలి. ఫారం మీద సంతకం మాత్రం ఇవాళే పెట్టాలి. అంతేగా?

… నవ్వడం లేదండీ. పొలమారింది.

అది కాదు, ఒక్కటి అడుగుతా. ఏ ట్రైనింగు వల్ల నిలబడ్డానని చెప్పమంటారు? మొదట కొవ్వొత్తులు నేర్పారు. మా అంతస్తులో మీరిచ్చిన ఇళ్ళు ఎనిమిది, ఎనిమిదింటిలోనూ అవే కొవ్వొత్తులు. ఎవరికి అమ్ముకోవాలి, ఒకళ్ళకొకళ్ళమా?… తర్వాత కాగితప్పూలు. ఆ తర్వాత ఆత్మవిశ్వాసం. ఆ క్లాసు మాత్రం బాగా గుర్తు. ఆయనెవరో కళ్ళు మూసుకోమన్నాడు. ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎలా చూసుకోవాలనుకుంటున్నారో అలా చూసుకోండి అన్నాడు. రెండిళ్ళలో వంట చేసొచ్చి కూర్చున్నదాన్ని, ఫ్యాను కింద ఇట్టే నిద్రపట్టేసింది. లేచేసరికి నా పేరు పక్కన 'చక్కగా పాల్గొన్నారు' అని రాసుంది.

… మీరు రాయలేదు. సరే. ఎవరో పుణ్యాత్ములు రాశారు.

… ఏంటి, కుళాయి పనా? అది నేర్పింది మీరా? మా ఎదురింటి పెద్దాయన. ముప్ఫయ్యేళ్ళు పైపుల పని చేసి, చేతులు వణుకుతుంటే మానేసి కూర్చున్నాడు. ఆయన కుర్చీలోంచి చెప్పేవాడు, నేను కింద పడుకుని పానా తిప్పేదాన్ని. ఏడాదిపాటు మా రెండిళ్ళ కుళాయిలూ విప్పుతూ బిగిస్తూనే ఉన్నాం. మరి ఒక్క పానా ఇప్పించమని మీ దగ్గరికొస్తే మీరేమన్నారు? 'ఆడవాళ్ళ జాబితాలో ఆ పని లేదండీ.'

… అన్నారు. ఆకుపచ్చ ఫైలు తిరగేసి మరీ అన్నారు.

సరే, పోనివ్వండి. నేను రేపు రాను. సంతకం కూడా పెట్టను.

… కారణం కావాలా? రాసుకోండి, మీకు రాసుకోవడం అలవాటేగా. నిన్న కింద మీ ఆఫీసు సింకు కారుతోందని నన్నే పిలిచారు, గుర్తుందా? మీరు భోజనానికి వెళ్ళారు. నేలంతా తడి. పడుకోడానికి ఏదన్నా పరవయ్యా అంటే మీ అటెండరు చిత్తుకాగితాల కట్ట తెచ్చి పరిచాడు. వెల్లకిలా పడుకుని తల తిప్పా. చెంప పక్కనే ఒక కాగితం. పైన నాలుగు అని అంకె. చూస్తే, మీరు నాకిచ్చిన ఫారమే.

కాకపోతే నాకిచ్చినదాంట్లో మూడే పేజీలు.

… ఆ నాలుగోది ఎక్కడుందా?

నా చేతిలోనే ఉంది. కాస్త తడిసిందిగానీ అక్షరాలు చెదరలేదు. చదవనా? 'స్వయంసమృద్ధి సాధించినట్టు లబ్ధిదారు సంతకం చేసిన నాటి నుంచి ఆరు నెలల్లోగా, కేటాయించిన ఇంటిని ఖాళీ చేసి అప్పగించవలెను.' నేను చదివింది ఎనిమిదే. నాకే అర్థమైంది. మీకు అర్థం కాకుండా పోదు.

అంటే, నా కాళ్ళ మీద నేను నిలబడ్డానని నా నోటితోనే చెప్పించి, ఆ కాళ్ళ కింద నేల లాగేస్తారు. ముందు చప్పట్లు కొట్టి మరీ.

… మామూలు నిబంధనేనా. మామూలుదైతే మా కాపీ మూడో పేజీ దగ్గరే ఎందుకాగిపోయింది?… పైనుంచి అలాగే వచ్చిందా. ఎంత పైనుంచి మేడమ్? మా లిఫ్టు ఎక్కినంత పైనుంచైతే మొదటి అంతస్తే. అది అక్కడే ఆగి ఏడు నెలలు.

… కొత్త ఇల్లు చూసుకోవచ్చు. ఆ, చూసుకోవచ్చు. కుళాయిలు బిగించి ఇల్లు కట్టేస్తాననుకున్నారా?

సరే, నా సంగతి వదిలెయ్యండి. నిరుడు సర్టిఫికెట్టు ఇచ్చారే, మొదటి అంతస్తులో పిల్లల్ని చూసుకునే ఆవిడ… ఆ, ఆవిడే. మీ బల్ల వెనక గోడకి ఫోటో కూడా ఉంది, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. నిన్న సాయంత్రం రెండు బస్సులు మారి ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్ళా. తమ్ముడింటి వెనక, పాత సామాన్లు పడేసుకునే గదిలో ఉంది. వెంట ఉన్న ముసలి తండ్రికి మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటోంది. ఇక్కడున్నప్పుడు పదిమంది పిల్లలు ఆవిడ దగ్గర పడుకుని లేచేవాళ్ళు. ఆ గదిలో ఎవరు దింపుతారు పిల్లల్ని? ఉన్న పని కూడా పోయింది.

ఖాళీ చెయ్యమని ఎందుకన్నారమ్మా అనడిగా. ఏమందో తెలుసా… 'నేనేదో తప్పు చేసుంటాను వదినా' అంది. ఏం తప్పు చేసిందా అని ఇన్నాళ్ళుగా తనలో తనే వెతుక్కుంటోంది. నేనీ పేజీ చూపిస్తే రెండుసార్లు చదువుకుంది. తర్వాత మంచం కింద నుంచి సర్టిఫికెట్టు తీసి నా చేతిలో పెట్టింది. 'ఇది వాళ్ళకి తిరిగిచ్చెయ్యి' అంది. తెచ్చా. మీదేగా, మీకే ఇచ్చేస్తా.

… ఏడుస్తున్నారా?… ఏడవకండి. ఓదార్చే తీరిక లేదు నాకు.

మా అత్తకి నా పేరు గుర్తుండదు. కొడుకు పోయాడన్న సంగతీ గుర్తుండదు, పొద్దున్నే వాడు లేచాడా అని అడుగుతుంది. కానీ పడుకున్న చోటు నుంచి గోడ పట్టుకుని నడిస్తే స్నానాలగది వస్తుందని ఆ చేతికి గుర్తు. ఇక్కడ్నుంచి తీసుకెళ్ళి ఏ గోడ దగ్గర నిలబెట్టను ఆవిణ్ణి?

… ఆ. వింటున్నా… ఏడాదికోసారా?… ముగ్గురిని చూపించకపోతే మీ కాంట్రాక్టు పొడిగించరు. అంటే మేం నిలబడ్డట్టు నటిస్తేగానీ మీరు నిలబడరు. భేషుగ్గా ఉంది. మరి ఆత్మవిశ్వాసం క్లాసులో మీరూ కూర్చోవాల్సింది.

సరే, మిగతా ఇద్దరూ ఎవరు?… చెప్పకూడదా? రేపు మైకులో అరిచి చెప్పే పేర్లు ఇవాళ చెప్పకూడదు… ఊఁ… మెట్ల కింద ఇస్త్రీ ఆయన… ఇంకొకరు?… మూడో అంతస్తు టైలరమ్మాయా. ఇద్దరూ సంతకాలు పెట్టేశారా?… కాగితాలెక్కడ?… మీ సొరుగులో. పైకి ఎప్పుడు పంపుతారు?… నాలుగింటికి. ఇప్పుడు మూడుంపావు.

పంపకముందు వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చా?… తెలీదంటే ఎలా. ఆకుపచ్చ ఫైలుందిగా. ఆ రోజు నాకు పానా లేదని చెప్పడానికి ఎంత చురుగ్గా తిరగేశారు, ఇప్పుడూ అలాగే తిరగెయ్యండి… ఆగుతా… ఆగుతా అన్నాగా.

… దొరికిందా? ఏదీ, చదవండి… 'స్వయంగా వచ్చి కోరినచో తిరిగి ఇవ్వబడును.' ఎవరికన్నా చెప్పారా ఈ ముక్క ఎప్పుడైనా?… చూడమ్మాయ్, ఇక మేడమ్ గీడమ్ నా వల్ల కాదు. నా కూతురి వయసుండదు నీకు. నువ్వు అక్కడే కూర్చో. టీకి లేవకు. నేను దిగుతున్నా.

… వద్దు, ఫోను పెట్టకు. పెడితే పై వాళ్ళకి ఫోన్ చేస్తావు, వాళ్ళు వద్దంటారు, నువ్వు సరేనంటావు.

అత్తయ్యా, కిందికెళ్ళి అరగంటలో వస్తా. తలుపు దగ్గరగా వేస్తున్నా… నేనా? మీ కోడల్ని.

… లేదు, నీతో కాదు. మెట్లు దిగుతున్నా. ఉండు, టైలరమ్మాయి తలుపు ఇదే.

అమ్మాయ్, మిషను ఆపు ఒక్క నిమిషం… ఏం లేదు, ఆ ఫారం కాపీ ఇచ్చారు కదా, ఎక్కడ పెట్టావు?… తే. ఎన్ని పేజీలున్నాయో చూడు… రేపటికి కుట్టుకున్నావా ఇది? బావుంది, రంగు నీకు నప్పింది. ఇదిగో, ఇది కూడా నీ ఫారంలోదే. చదువు… నిదానంగా చదువు.

…

కూర్చో. ముందు కూర్చో… నీ తప్పేం లేదే. ఎవరు చెప్పారు నీ తప్పని? కాగితం ఇంకా కిందే ఉంది, ఇంకా పోలేదు. నువ్వెళ్ళి నాది నాకిచ్చెయ్యండి అనాలి, అంతే… బట్టలకేం, రేపు ఊరికే కట్టుకో. చెప్పులేసుకో, పద.

… ఆ, ఉన్నా. ఒప్పుకుంది. ఇస్త్రీ ఆయనకి పేజీ చూపించగానే అర్థమైపోయింది, పెట్టె పక్కన పెట్టి మా ముందే నడుస్తున్నాడు. కాగితాలు తీశావా?… రెండూ బల్ల మీద పెట్టావా. మంచిది.

… నీ ఉద్యోగం ఏమవుతుందో నాకేం తెలుసు తల్లీ. అబద్ధం చెప్పి ధైర్యం చెప్పడం మీ కేంద్రం పని, నాది కాదు.

… రేపటి మీటింగుకా? మైకు ఇస్తానంటే వస్తా. ఆ పేజీ చదివి దిగిపోతా. మీ పెద్దాఫీసరుగారు కూడా దాన్నెప్పుడూ పూర్తిగా చదివుండరు. … వేరేవాళ్ళొచ్చి మైకు లాక్కుంటే లాక్కోనీ. నా గొంతుకి మైకు అక్కర్లేదు.

… థాంక్సా? రెండేళ్ళలో మీ కేంద్రం మాకు చేసిన సాయం ఇదొక్కటే, అదీ వెంటపడితే. దానికి థాంక్స్ కూడా కావాలా… నువ్వు నాకు చెప్తున్నావా. సరేలే.

ఇక పెట్టెయ్. కిటికీ అద్దంలోంచి కనిపిస్తున్నావు. కళ్ళు తుడుచుకుని లేచి, తలుపు తియ్యి.